కొత్త ఫుల్ హెచ్‌డీ మానిటర్ పెట్టినా 1024×768 దాటడం లేదు. ఫార్మాట్ తప్పదా?

జిరాక్స్ కొట్టు | నరసరావుపేట

అందరికీ నమస్కారం. మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా చేస్తాం. పాత 18.5 అంగుళాల మానిటర్ సరిపోవడం లేదని కొత్తగా 21.5 అంగుళాలది తెచ్చాం. పెట్టె మీద 1920×1080 అని ఉంది. కానీ మా సిస్టమ్‌లో 1024×768 కంటే పైకి వెళ్లడం లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో లిస్టు తెరిస్తే అది, 800×600, అంతే. గుండ్రంగా ఉండాల్సిన సున్నా అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా సాగిపోయింది. అప్లికేషన్ పేజీల్లో సబ్మిట్ బటన్ కోసం ప్రతిసారీ కిందికి జరుపుకోవాలి. బొమ్మ కూడా కాస్త డల్‌గానే ఉంది, బ్రైట్‌నెస్ 100 పెట్టినా అంతే.

సిస్టమ్ వివరాలు: హెచ్61 మదర్‌బోర్డు, మూడో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వీజీఏ కేబుల్.

సర్వీస్ అబ్బాయి వచ్చి చూసి "విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నాడు. ఇందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, రెండు ప్రింటర్లు, వేలిముద్ర మిషన్ డ్రైవర్లు అన్నీ ఉన్నాయి. అవన్నీ మళ్లీ ఎక్కించాలంటే టెన్షన్‌గా ఉంది. వేరే దారి ఏదైనా చెప్పగలరా?


హార్డ్‌వేర్ అన్న | కరీంనగర్

ఫార్మాట్ ఎందుకు అన్నా, ఆగండి. రెజల్యూషన్ రాకపోతే ఫార్మాట్ కొట్టడం మన దగ్గర రివాజు అయిపోయింది.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏం రాసి ఉందో చూసి చెప్పండి. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు డ్రైవర్ లేదన్నట్టు. విండోస్ ఎక్కించిన కొత్తలో చాలామందికి వచ్చేది ఇదే. మీది మూడో తరం కాబట్టి విండోస్ 10కి ఇంటెల్ డ్రైవర్ దొరుకుతుంది. రెండో తరం అయితే ఇంటెల్ తన సైట్లో విండోస్ 10 డ్రైవర్ పెట్టలేదు, విండోస్ అప్‌డేట్ నుంచి వచ్చే పాతదానితో సరిపెట్టుకోవాలి. అంతకంటే పాత జీ41 బోర్డుల వాళ్లది ఇంకా కష్టం.


పిక్సెల్ పిచ్చి | హైదరాబాద్

డ్రైవర్ గొడవే వద్దు. వీజీఏలో 1080 రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ కొనుక్కోండి, అయిపోతుంది.


చిప్‌లెవల్ | విజయవాడ

వీజీఏలో 1080 రాదన్నది నిజం కాదండీ. 1987లో ఐబీఎం వీజీఏ తెచ్చినప్పుడు 640×480 ఉండేది, ఆ పేరు అలా ఉండిపోయింది. ఆ తీగల గుండా 1920×1080, 60 హెర్ట్జ్ హాయిగా వెళుతుంది. కేబుల్ మరీ పొడుగైనా, నాసిరకమైనా అక్షరాల అంచులకు నీడ పడుతుంది తప్ప రెజల్యూషన్ ఆగిపోదు. మా బెంచీ మీద రోజూ చూస్తుంటాను.

జిరాక్స్ కొట్టు గారూ, అన్న చెప్పిన డిస్‌ప్లే అడాప్టర్‌తో పాటు, అదే లిస్టులో కొంచెం కింద మానిటర్స్ అని ఉంటుంది. అది కూడా తెరిచి ఏం పేరుందో అక్షరం అక్షరం రాయండి.


పిక్సెల్ పిచ్చి | హైదరాబాద్

సరే, వెళుతుంది అనుకుందాం. హెచ్‌డీఎంఐ ఉండగా వీజీఏ ఎందుకు వాడాలి అన్నది నా ప్రశ్న.


చిప్‌లెవల్ | విజయవాడ

ఉంటే హెచ్‌డీఎంఐయే వాడాలి, అందులో పేచీ లేదు. హెచ్61 బోర్డుల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు. వీజీఏ పక్కన తెల్ల డీవీఐ ఉంటుంది. ముందు జబ్బు ఏమిటో తెలియాలి కదా.


జిరాక్స్ కొట్టు | నరసరావుపేట

చూశానండీ. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద "ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్" అని ఉంది. పసుపు గుర్తు ఏమీ లేదు. మానిటర్స్ కింద "జెనెరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్" అని ఉంది.

బోర్డుకి వెనకాల వీజీఏ, దాని పక్కన తెల్ల పోర్టు ఉన్నాయి. మానిటర్‌కి వీజీఏ, హెచ్‌డీఎంఐ ఉన్నాయి.


హార్డ్‌వేర్ అన్న | కరీంనగర్

అయితే డ్రైవర్ బాగానే ఉంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. చిప్‌లెవల్ గారూ, ఇక మీదే.


చిప్‌లెవల్ | విజయవాడ

"నాన్ పీఎన్‌పీ" అన్న ముక్కలోనే అంతా ఉంది. పీఎన్‌పీ అంటే ప్లగ్ అండ్ ప్లే, తగిలించగానే కంప్యూటర్ గుర్తుపట్టేది. బాగున్న సిస్టమ్‌లో అక్కడ "జెనెరిక్ పీఎన్‌పీ మానిటర్" అనో, మానిటర్ మోడల్ పేరో ఉంటుంది. మధ్యలో "నాన్" వచ్చిందంటే, తనకు తగిలించిన మానిటర్ ఏదో మీ కంప్యూటర్‌కి తెలియడం లేదు.

కొంచెం వివరంగా చెబుతాను, ఇది తెలిస్తే సగం రెజల్యూషన్ సమస్యలు మీరే తేల్చుకోగలరు. ప్రతి మానిటర్ లోపలా ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. అందులో 128 బైట్ల సమాచారం రాసి ఉంటుంది: తయారు చేసినవాళ్లు ఎవరు, తెర కొలత ఎంత, ఏయే రెజల్యూషన్లు పడతాయి, ఏ రిఫ్రెష్ రేటు వరకు తట్టుకుంటుంది. దీన్ని ఈడీఐడీ అంటారు. వెసా అనే ప్రమాణాల సంస్థ 1994లో తెచ్చింది. కంప్యూటర్ ఆన్ అవ్వగానే గ్రాఫిక్స్ చిప్ దీన్ని చదివి, అందులో ఉన్న లెక్క ప్రకారమే మీకు లిస్టు చూపిస్తుంది. అంటే మీరు సెట్టింగ్స్‌లో చూసే లిస్టు చాలావరకు మానిటర్ చెప్పుకున్నదే.

వీజీఏ ప్లగ్గులో 15 పిన్నులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు 1, 2, 3 పిన్నుల్లో వెళతాయి. ఈడీఐడీ మాత్రం 12, 15 పిన్నుల్లో వస్తుంది. ఈ రెండింట్లో ఏది తెగినా, వంగినా, కేబుల్ తయారు చేసినవాడు రాగి మిగుల్చుకుందామని అసలు తీగే వేయకపోయినా బొమ్మ మామూలుగా వస్తుంది, సమాచారం రాదు. అప్పుడు విండోస్ ఏ మానిటర్‌కైనా పనికొచ్చే చిన్న రెజల్యూషన్ ఇచ్చి ఊరుకుంటుంది. మీకు జరుగుతున్నది ఇదే.

ప్లగ్గు ఊడదీసి చూస్తే చాలా కేబుళ్లలో 9వ పిన్ను ఉండదు. అది చూసి కంగారు పడకండి, అలాగే తయారు చేస్తారు. అలాంటి కేబుల్ అయితే కంప్యూటర్ కంటే ముందు మానిటర్ ఆన్ చేయడం మంచిది.

ఇంకో మాట. బొమ్మ డల్‌గా ఉందన్నారు. కొత్త మానిటర్ డల్‌గా ఉండకూడదు. సీపీయూ వెనక నుంచి మానిటర్ వరకు కేబుల్ దారి మొత్తం కనిపించేలా ఒక ఫోటో పెట్టండి.


పిక్సెల్ పిచ్చి | హైదరాబాద్

ఈలోగా కస్టమ్ రెజల్యూషన్ పెట్టి చూడొచ్చు కదా? ఇంటెల్ కంట్రోల్ ప్యానెల్‌లో ఆప్షన్ ఉంటుంది. 1920, 1080, 60 అని కొడితే సరి.


చిప్‌లెవల్ | విజయవాడ

పెట్టొచ్చు. కొన్నిసార్లు పని చేస్తుంది కూడా. కానీ తీగ తెగిన చోట అది అతుకు మాత్రమే. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఎగిరిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. కస్టమర్లు క్యూలో ఉన్నప్పుడు ఎగిరిపోతే ఆయన పరిస్థితి ఏమిటి?


నల్లతెర | అనంతపురం

ఆగండాగండి. మీ మాటలు చదివి నేను కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ 75 పెట్టాను. ఇప్పుడు మానిటర్ మీద "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అని బాక్సు తిరుగుతోంది. ఏమీ కనిపించడం లేదు. ఫోన్‌లోంచి రాస్తున్నాను.


హార్డ్‌వేర్ అన్న | కరీంనగర్

మార్చినప్పుడు ఏమీ నొక్కకుండా 15 సెకన్లు ఆగితే విండోస్ తానే పాతదానికి వెళ్లిపోతుంది తమ్ముడూ. కనిపించక కంగారులో ఏదో నొక్కి ఉంటావు, "కీప్ చేంజెస్" పడిపోయి ఉంటుంది.

ఇంకో మానిటరో, ఇంట్లో టీవీయో ఉంటే దానికి తగిలించు, అందులో కనిపిస్తే 60కి మార్చేయి. అదీ లేకపోతే లాగిన్ తెర దగ్గర షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టాలి, కానీ నీకు అదీ కనిపించదు కదా. అందుకని విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయి. రెండు మూడుసార్లు అలా చేస్తే నీలం రంగు రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే లిస్టులో 3 నొక్కు. తక్కువ రెజల్యూషన్‌తో తెరుచుకుంటుంది. అక్కడ రేటు సరిచేసి మామూలుగా రీస్టార్ట్ చేయి.


నల్లతెర | అనంతపురం

టీవీకి తగిలించి మార్చేశాను అన్నా. వచ్చేసింది. థాంక్స్.


జిరాక్స్ కొట్టు | నరసరావుపేట

ఫోటో పెట్టాను చూడండి. దుమ్ము చూసి నవ్వకండి.


చిప్‌లెవల్ | విజయవాడ

దొరికింది. సీపీయూ వెనకాల ఒక కేబుల్ రెండుగా చీలుతోంది కదా, ఒక కొస కొత్త మానిటర్‌కి, రెండోది కౌంటర్ వైపు తిరిగి ఉన్న పాత మానిటర్‌కి. ఆ వై ఆకారం స్ప్లిటర్ ఎప్పుడు పెట్టారు?


జిరాక్స్ కొట్టు | నరసరావుపేట

కొత్త మానిటర్‌తో పాటే తెచ్చామండీ. పాతది ఊరికే ఎందుకు పోవాలని కస్టమర్ల వైపు తిప్పి పెట్టాను. అప్లికేషన్ నింపేటప్పుడు పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ వాళ్లే చూసుకుంటారు, తప్పులు పోతే మళ్లీ మన మీదకే వస్తారు కదా. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?


చిప్‌లెవల్ | విజయవాడ

ఉంది. ఒక సిగ్నల్‌ని చీల్చి రెండు మానిటర్లకు పంచితే ఇద్దరి ఈడీఐడీ ఒకే తీగ మీదికి వస్తుంది. ఆ గొడవ లేకుండా స్ప్లిటర్ కేబుళ్లు తయారు చేసేవాళ్లు చాలావరకు ఒక కొసకే 12, 15 తీగలు వేస్తారు, రెండో కొసకు వేయరు. మరీ చౌక వాటిలో ఏ కొసకూ వేయరు. మీది ఈ చివరి రకంలా ఉంది.

డల్‌గా ఉండడానికి కారణం కూడా ఇదే. వీజీఏ రంగు సిగ్నల్ 75 ఓమ్‌ల ఒక్క మానిటర్ కోసం లెక్కగట్టింది. రెండు తగిలిస్తే కరెంటు పంచుకుంటాయి, వోల్టేజ్ పడిపోయి వెలుగు తగ్గుతుంది. లోపల చిప్ ఉండి విడిగా అడాప్టర్‌తో కరెంటు తీసుకునే స్ప్లిటర్ డబ్బాలు ఉంటాయి, వాటిలో ఈ నష్టం ఉండదు. మీది ఉత్త తీగ.

ఒక్క పని చేయండి. సిస్టమ్ ఆపి, స్ప్లిటర్ తీసేసి, కొత్త మానిటర్ పెట్టెలో వచ్చిన కేబుల్‌ని నేరుగా తగిలించి ఆన్ చేయండి. వేరే ఏదీ ముట్టుకోవద్దు.


జిరాక్స్ కొట్టు | నరసరావుపేట

సార్!! ఆన్ చేయగానే 1920×1080 దానంతట అదే వచ్చేసింది. "రికమెండెడ్" అని కూడా పక్కన రాసి ఉంది. డివైస్ మేనేజర్‌లో "నాన్" పోయింది. వెలుగు కూడా బాగుంది. ఫార్మాట్ కొట్టించి ఉంటే రెండు రోజులు షాపు మూసుకోవాల్సి వచ్చేది.

కానీ కస్టమర్ మానిటర్ ఇప్పుడు చీకటిగా ఉంది. దానికేం చేయాలి?


పిక్సెల్ పిచ్చి | హైదరాబాద్

ఇక్కడ నేను పనికొస్తాను. మీ బోర్డుకు తెల్ల డీవీఐ పోర్టు ఉంది. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి నేరుగా వెళ్లే కేబుల్ దొరుకుతుంది, మధ్యలో చిప్ ఏమీ అక్కర్లేదు, రెండూ డిజిటలే. దాంతో కొత్త మానిటర్‌ని తగిలించండి. పాత మానిటర్‌కి వీజీఏ ఇవ్వండి. మీ బోర్డు ఒకేసారి రెండు తెరలు నడుపుతుంది. శబ్దం డీవీఐలోంచి రాకపోవచ్చు, మీకు స్పీకర్లు విడిగా ఉంటాయి కాబట్టి పట్టింపు లేదు.

షాపులో "డీవీఐ టు వీజీఏ" ముక్క అంటగడితే తీసుకోకండి. మీ పోర్టులో అడ్డగీత చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు లేకపోతే అది ఉత్త డిజిటల్ డీవీఐ, ఆ ముక్క దూరదు కూడా.


చిప్‌లెవల్ | విజయవాడ

పై మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను, ఈ వేదికలో ఇది అరుదు.

తగిలించాక విండోస్ బటన్, పీ కలిపి నొక్కితే కుడి పక్కన నాలుగు ఆప్షన్లు వస్తాయి. మీకు అలవాటుగా డూప్లికేట్ పెట్టబుద్ధి అవుతుంది. పెట్టకండి. డూప్లికేట్ అంటే రెండు తెరలకూ ఒకే బొమ్మ, కాబట్టి రెండూ పట్టగల చిన్న రెజల్యూషన్‌కే విండోస్ దిగిపోతుంది. పాతదానికి 1366×768 కంటే ఎక్కువ రాదు, కొత్తది కూడా దానికే వచ్చి మసకబారుతుంది. మళ్లీ ఇక్కడికే వచ్చి రెజల్యూషన్ తగ్గిపోయిందంటారు.

ఎక్స్‌టెండ్ పెట్టండి. అప్పుడు ఎవరి రెజల్యూషన్ వాళ్లది. కస్టమర్‌కి చూపించాల్సినప్పుడు ఆ విండో మీద ఉండి విండోస్ బటన్, షిఫ్ట్, కుడి బాణం కలిపి నొక్కితే విండో మొత్తం అటు తెరకు వెళ్లిపోతుంది. ఎడమ బాణంతో వెనక్కి. నిజానికి మీలాంటి షాపులకు ఇదే మంచిది. డూప్లికేట్‌లో ముందు వచ్చిన మనిషి ఆధార్ కాపీ, ఫోన్ నంబరు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లందరికీ కనిపిస్తూ ఉంటాయి.


ల్యాబ్ మేడమ్ | మహబూబ్‌నగర్

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మా స్కూల్లో ప్రొజెక్టర్ తగిలించినప్పుడల్లా డెస్క్‌టాప్ తెర కూడా చతురస్రంలా అయిపోయి ఐకాన్లన్నీ చెల్లాచెదురు అవుతాయి. ఇదీ డూప్లికేట్ వల్లేనా? ఇన్నాళ్లూ ప్రొజెక్టర్ పాతబడిందనుకుని హెడ్మాస్టర్ గారికి కొత్తది కావాలని లెటర్ కూడా పెట్టాను.


చిప్‌లెవల్ | విజయవాడ

అదే మేడమ్. క్లాసుల్లో వాడే ప్రొజెక్టర్లు చాలావాటి అసలు రెజల్యూషన్ 1024×768. డూప్లికేట్‌లో కంప్యూటర్ దాని దగ్గరికి దిగాలి. ఎక్స్‌టెండ్ పెట్టి పాఠం మాత్రం అటు పంపండి. లెటర్ ఎలాగూ పెట్టారు కాబట్టి వెనక్కి తీసుకోకండి, కొత్తది వస్తే రానివ్వండి.


ల్యాబ్ మేడమ్ | మహబూబ్‌నగర్

అయితే ఇంకొకటి అడిగేస్తాను. ల్యాబులో 18.5 అంగుళాల మానిటర్లు ఉన్నాయి. కొన్నింటిలో 1366×768 వస్తుంది, కొన్నింటిలో 1360×768 మాత్రమే. ఆరు పిక్సెళ్లు ఎక్కడికి పోతాయి? తేడా చిన్నదే కానీ అక్షరాలు కొన్నిచోట్ల మసకగా ఉంటాయి, పిల్లలు కళ్లు చికిలించి చూస్తారు.


చిప్‌లెవల్ | విజయవాడ

మంచి ప్రశ్న. ఈడీఐడీలో రెజల్యూషన్లు రాయడానికి ఒక పొట్టి పద్ధతి ఉంది. అందులో వెడల్పుని 8తో భాగించి రాస్తారు. 1366ని 8 భాగించదు. 8×170 అయితే 1360, 8×171 అయితే 1368. అందుకని ఆ పద్ధతిలో 1366 రాయడమే కుదరదు. వివరంగా రాసే ఇంకో పద్ధతి ఉంది, దాన్లో 1366 రాయొచ్చు. డ్రైవర్ దాన్ని సరిగా చదివితే 1366 వస్తుంది, లేకపోతే 1360 దగ్గర ఆగుతుంది. అప్పుడు 1360 చుక్కల్ని 1366 గడుల్లోకి సాగదీస్తారు, ఆ సాగదీసిన చోట మసక.

ముందు డ్రైవర్ చూడండి. లిస్టులో 1366 లేకపోతే డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్‌లో "లిస్ట్ ఆల్ మోడ్స్" అనే బటన్ నొక్కితే కొన్నిసార్లు దాక్కున్నవి కనిపిస్తాయి. ఏదీ కాకపోతే తెర నిండా తెల్ల పేజీ ఏదైనా తెరిచి, మానిటర్ మీద ఉండే ఆటో బటన్ నొక్కండి. వీజీఏలో బొమ్మ పక్కకు జరిగినా, నిలువు చారల్లా మసక ఉన్నా ఆ ఒక్క బటన్‌తో చాలావరకు పోతుంది. ఆ బటన్ ఒకటి ఉందనే చాలామందికి తెలియదు.


టెక్సాస్ తమ్ముడు | డాలస్

తెనాలిలో నాన్నగారి కంప్యూటర్ గురించి. 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే షాపు అబ్బాయి 1280×720 పెట్టి వెళ్లాడు. పెద్దగా కనిపిస్తున్నాయి కానీ ఈ-పేపర్ చదువుతుంటే తల నొప్పి వస్తోందని అంటున్నారు. ఇక్కడి నుంచి రిమోట్‌లో నేను మార్చగలను. ఏం మార్చమంటారు?


హార్డ్‌వేర్ అన్న | కరీంనగర్

ఊళ్లలో అందరూ చేసేది ఇదే. అక్షరాలు పెద్దవి కావాలంటే రెజల్యూషన్ తగ్గిస్తారు. ఎల్సీడీ తెరకు గడులు ఫిక్స్‌డ్‌గా ఉంటాయి తమ్ముడూ, 1920×1080 గడులు. 720 పెడితే ఒక్కో చుక్క అడ్డంగా ఒకటిన్నర గడి, నిలువుగా ఒకటిన్నర గడి ఆక్రమించాలి. అర గడి వెలిగించడం కుదరదు, అందుకని పక్కదాంతో కలిపి పులుముతుంది. ఇంగ్లిష్ అక్షరాలైతే ఏదోలా చదివేస్తాం. మన ఒత్తులు, గుణింతాలు ఆ పులుములాటలో కలిసిపోతాయి. క్షకీ జ్ఞకీ తేడా కనిపించదు.

రెజల్యూషన్ రికమెండెడ్ మీదే ఉంచేయి. దాని పైనే స్కేల్ అని ఉంటుంది, అది 125 పెట్టు, చాలకపోతే 150. ఇంకా కావాలంటే యాక్సెసబిలిటీ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ సైజు విడిగా పెంచుకోవచ్చు (విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్ అంటారు). ఈ-పేపర్‌కైతే కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పడం నేర్పించు చాలు.


టెక్సాస్ తమ్ముడు | డాలస్

150 పెట్టాను. ఇప్పుడే ఫోన్ చేశారు, బాగుందంట. మౌస్ బాణం కూడా పెద్దది కావాలంటున్నారు, అది కూడా అక్కడే కనిపించింది. థాంక్స్ అన్నా.


పెంగ్విన్ బాబాయ్ | విశాఖపట్నం

విండోస్ వాళ్లందరూ మాట్లాడేశారు కాబట్టి ఉబుంటు (లినక్స్) వాళ్ల కోసం నాలుగు ముక్కలు. మన దగ్గర కూడా ఈడీఐడీ రాకపోతే 1024×768 దగ్గరే ఆగిపోతుంది. నెట్‌లో అందరూ ఒకే మంత్రం చెబుతారు: సీవీటీ కమాండ్‌తో 1920 1080 60కి మోడ్‌లైన్ (ఆ రెజల్యూషన్‌కి కావాల్సిన సిగ్నల్ లెక్క) తీసి, ఎక్స్‌రాండర్ అనే తెర సెట్టింగుల కమాండ్‌తో కొత్త మోడ్‌గా చేర్చమని. పని చేస్తుంది. ఒక మెలిక ఉంది, అది ఎవరూ చెప్పరు. సీవీటీ మామూలుగా ఇచ్చే లెక్కలో పిక్సెల్ క్లాక్ (చుక్కలు పంపే వేగం) 173 మెగాహెర్ట్జ్. సింగిల్ లింక్ డీవీఐ పరిమితి 165. వీజీఏలో వెళ్లిపోతుంది, డీవీఐలో నల్ల తెర. సీవీటీకి ఆర్ అనే ఆప్షన్ కలిపితే రెడ్యూస్డ్ బ్లాంకింగ్‌తో (గీతల మధ్య ఖాళీ సమయం తగ్గించి) 138.5కి దిగుతుంది, అప్పుడు ఏ కేబుల్‌లోనైనా పడుతుంది. ఇంకోటి, వేలాండ్ (తెర మీద బొమ్మ గీసే కొత్త వ్యవస్థ, పాతది ఎక్స్‌ఆర్గ్) సెషన్‌లో ఎక్స్‌రాండర్‌తో ఈ పని జరగదు. లాగిన్ తెర మీద ఉండే చక్రం గుర్తు నొక్కి ఎక్స్‌ఆర్గ్ సెషన్ ఉంటే అది ఎంచుకోండి.


వేదిక నిర్వహణ

ఒకరు "రిమోట్‌లో వచ్చి 300కి బాగు చేస్తాను" అంటూ ఫోన్ నంబర్ పెట్టారు, తీసేశాం. నంబర్లు ఇక్కడ పెట్టకండి. తెలియని వాళ్లకు రిమోట్ కోడ్ ఇవ్వకండి, ముఖ్యంగా బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లలో.


గోడమీది టీవీ | రాజమండ్రి

మా ఇంట్లో 32 అంగుళాల టీవీనే మానిటర్. హెచ్‌డీఎంఐ. రెజల్యూషన్ 1920×1080 వస్తోంది కానీ టాస్క్‌బార్ సగం తెర కిందికి పోయింది, పక్కల కూడా తెగుతోంది. అక్షరాలు మెత్తగా కనిపిస్తాయి.


పిక్సెల్ పిచ్చి | హైదరాబాద్

రెండు వేర్వేరు సమస్యలు. అంచులు తెగడం ఓవర్‌స్కాన్. పాత ట్యూబు టీవీల కాలం నాటి అలవాటు, బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు దాచేస్తుంది. కంప్యూటర్‌లో కాదు, టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజ్‌లోకి వెళ్లండి. కంపెనీని బట్టి జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో, ఫుల్ పిక్సెల్ అనో ఉంటుంది. కొన్ని టీవీల్లో ఆ ఇన్‌పుట్ పేరు పీసీ అని మారిస్తే చాలు.

మెత్తదనం సంగతి. టీవీ మీద "హెచ్‌డీ రెడీ" అని స్టిక్కర్ ఉందా? ఉంటే లోపలి తెర చాలావరకు 1366×768. 1080 సిగ్నల్ తీసుకుని తానే కుదించుకుని చూపిస్తుంది. లిస్టులో 1366 లేదా 1360 ఉంటే అది పెట్టండి. లేకపోతే ఉన్నదానితో సర్దుకోవాలి, సినిమాకి పర్వాలేదు, టైపింగ్‌కి కాదు.


గోడమీది టీవీ | రాజమండ్రి

హెచ్‌డీ రెడీనే. అంచులు సరైపోయాయి. టైపింగ్ అమ్మాయి చేస్తుంది, దాని కళ్లు నావి కాదు కదా అనలేను. చిన్న మానిటర్ చూస్తాను.


జిరాక్స్ కొట్టు | నరసరావుపేట

డీవీఐ టు హెచ్‌డీఎంఐ కేబుల్ గుంటూరు నుంచి తెప్పించాను. రెండు తెరలూ ఎక్స్‌టెండ్‌లో నడుస్తున్నాయి. మొదట్లో మౌస్ మాటిమాటికీ కస్టమర్ తెరలోకి పారిపోయేది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని ఉన్న డబ్బాల్ని లాగి, రెండో డబ్బాని కింది మూల దగ్గర కొంచెమే ఆనేలా పెట్టమని మా బావమరిది చెప్పాడు. అప్పటి నుంచి మౌస్ బుద్ధిగా ఉంది.

ఇప్పుడు మిగిలింది పేజ్‌మేకర్. పాత మానిటర్ కంటే అక్షరాలు చిన్నగా ఉన్నాయని స్కేల్ 125 పెట్టాను. మిగతా అన్నీ బాగున్నాయి, పేజ్‌మేకర్ మాత్రం మసకబారింది. పెళ్లికార్డుల ప్రూఫ్ చూడాలంటే ఇబ్బందిగా ఉంది.


చిప్‌లెవల్ | విజయవాడ

అక్షరాలు చిన్నవి కావడం సహజమే. 18.5 అంగుళాల్లో 1366 పెడితే అంగుళానికి 85 చుక్కలు, 21.5లో 1920 అంటే 102. అదే అక్షరం ఆరో వంతు చిన్నదవుతుంది.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. స్కేలింగ్ అంటే దానికి తెలియదు. విండోస్ దాన్ని చిన్నగా గీయించి, ఆ బొమ్మను 125 శాతానికి సాగదీస్తోంది. పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ తెరవండి. కింద ఓవర్‌రైడ్ దగ్గర టిక్ పెట్టి, "సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్" ఎంచుకుని చూడండి. పాత ప్రోగ్రాముల్లో కొన్నింటికి అక్షరాలు స్పష్టంగా వస్తాయి. పెట్టెలు, టూల్స్ వంకర పోతే "అప్లికేషన్" పెట్టండి. చిన్నగా ఉంటుంది కానీ సూదిమొనలా ఉంటుంది, ప్రూఫ్ చూసేటప్పుడు జూమ్ చేసుకోవచ్చు. ప్రింటుకు దీనితో ఏ సంబంధమూ లేదు, కార్డు ఎప్పటిలాగే వస్తుంది.


జిరాక్స్ కొట్టు | నరసరావుపేట

ఎన్‌హాన్స్‌డ్‌లో టూల్ బాక్సు తేడాగా వచ్చింది. అప్లికేషన్ పెట్టి 200 జూమ్‌లో చూసుకుంటున్నాను, ఒత్తులు చక్కగా కనిపిస్తున్నాయి. నాకు ఇదే బాగుంది.


హార్డ్‌వేర్ అన్న | కరీంనగర్

అన్నా, ఒక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. మూడో తరం ఐ3 విండోస్ 11 అర్హత లిస్టులో లేదు. వేలిముద్రలు, ఆధార్ పనులు చేసే సిస్టమ్ కాబట్టి వచ్చే ఏడాదికైనా బోర్డు మార్చే ఆలోచన పెట్టుకోండి. అప్పుడు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ చవగ్గా వస్తుందని తీసుకోకండి, వాటిలో గ్రాఫిక్స్ ఉండవు. బోర్డు పోర్టులకు ఏం తగిలించినా బొమ్మ రాదు.


ల్యాబ్ మేడమ్ | మహబూబ్‌నగర్

ప్రొజెక్టర్ ఎక్స్‌టెండ్‌లో పెట్టాను. డెస్క్‌టాప్ ఐకాన్లు కదల్లేదు. కానీ పవర్‌పాయింట్ మొదలుపెడితే పిల్లలకు స్లైడ్ కనిపిస్తోంది, నాకు మాత్రం గడియారం, నోట్స్, తర్వాతి స్లైడ్ అన్నీ ఉన్న వేరే తెర వస్తోంది. ఏదైనా పాడు చేశానా?


చిప్‌లెవల్ | విజయవాడ

ఏమీ పాడవలేదు మేడమ్, అది ప్రెజెంటర్ వ్యూ. పాఠం చెప్పేవాళ్ల కోసమే పెట్టారు. వద్దనుకుంటే స్లైడ్ షో ట్యాబ్‌లో "యూజ్ ప్రెజెంటర్ వ్యూ" దగ్గర టిక్ తీసేయండి.


ల్యాబ్ మేడమ్ | మహబూబ్‌నగర్

వద్దులెండి, ఉండనివ్వండి. నోట్స్ నాకే కనిపిస్తున్నాయి కదా.